కరకగుడలో నాకు కట్టిన ఇల్లు

ఇల్లు లేదు.

కార్తీక మాసం, పొద్దున తొమ్మిది గంటల వేళ. చేతిలో టేపు, భుజాన అరువు తెచ్చుకున్న కెమెరా, సంచిలో నోటు పుస్తకం. ఫిబ్రవరిలో నా కళ్లెదుట లేచిన ఇల్లు, మొదటి గొయ్యి తవ్విన రోజు నుంచి కప్పు మీద కొప్పు కట్టిన రోజు దాకా అంగుళం అంగుళం గీసుకున్న ఇల్లు, ఉన్నచోట లేదు. కాలిపోతే బూడిద ఉండాలి. కూలిపోతే మట్టికుప్ప ఉండాలి. అక్కడ ఊడ్చిన నేల ఉంది. గుంజలు పాతిన తొమ్మిది గోతుల్నీ పూడ్చి, ఒక్కోదాని మీద ఒక్కో రాయి పెట్టారు. ఆ రాళ్లని మూడుసార్లు లెక్కపెట్టాను. ఎందుకు లెక్కపెట్టానో నాకే తెలియదు. చెయ్యగలిగింది అదొక్కటే.

ఊరు తప్పానేమో అనుకుని చుట్టూ చూశాను. తప్పలేదు. పక్కన, నాకు మొదట చోటిచ్చిన సోములమ్మ ఇల్లు అలాగే ఉంది. కింద చేల నిండా వలిసె పూలు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. పంతొమ్మిది ఇళ్లూ ఉన్నాయి. లేనిది ఇరవయ్యోదే. నా ఎం.ఎస్‌సి. పట్టా మొత్తం ఆ ఇరవయ్యో ఇంటి మీదే నిలబడి ఉంది.

నా పేరు దైవాధీనం. మా నాన్నగారు భీమునిపట్నంలో మిషను బడి పంతులు. మా కాంపౌండులో బి.ఇ. ప్యాసైన మొదటివాణ్ని నేనే. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెప్పుకునే రకాన్ని. కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అనేది. 1925లో సీమలో, అంటే ఇంగ్లండులో, ఒక విశ్వవిద్యాలయం భవన నిర్మాణంలో ఎం.ఎస్‌సి. పట్టాకి నన్ను చేర్చుకుంది. మద్రాసులో ఉంటూనే పని చెయ్యవచ్చు, థీసిస్ ఓడలో పంపితే చాలు. నేలమీద నిలిచేవాణ్ని కాదు ఆ రోజుల్లో. ఏజెన్సీ కొండల్లో మట్టి ఇళ్లు ఎలా కడతారన్నది నా విషయం. మద్రాసులో నా పని చూసే ప్రొఫెసరు దొర రెండే షరతులు పెట్టాడు.

"కట్టి ఉన్న ఇంటిని ఎవడైనా కొలుస్తాడు. ఒక ఇల్లు మొదటి గొయ్యి నుంచి కడుతుండగా పక్కన నిలబడి గియ్యి. ఒక వానాకాలం పోయాక మళ్లీ వెళ్లి అదే ఇంటిని కొలువు. గోడ ఎంత దిగింది, గుంజ ఎంత పుచ్చింది. ఆ రెండు పట్టికలూ పక్కపక్కన ఉంటే అది థీసిస్. లేకపోతే అది ప్రయాణ కథ."

అలా 1926 జనవరిలో శృంగవరపుకోటలో ఎడ్లబండెక్కి, అనంతగిరి ఘాటీ మీదుగా అరకు చేరి, అక్కణ్నుంచి ఒక పూట నడిచి కరకగుడ వచ్చాను. సోములమ్మ అనే ముసలావిడ తన అరుగు మీద చోటిచ్చింది. వచ్చిన మర్నాటి నుంచే టేపు తీసి ఇళ్లు కొలవడం మొదలుపెట్టాను.

వారం తిరక్కుండానే పిచ్చెక్కింది. ఏ ఇంటి కొలతా ఇంకో ఇంటికి కలవదు. ఒక గది పొడవు పదిహేను అడుగుల రెండు అంగుళాలు, పక్కింట్లో పదమూడు అడుగుల తొమ్మిది. గడపలు వేరు, అరుగులు వేరు. ఇంటి నడుమ కప్పుని మోసే పెద్ద గుంజని నిట్రాడు అంటారు, అదైనా కలుస్తుందేమోనని చూస్తే అదీ లేదు. లెక్కాపత్రం లేని మనుషులని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఉంటే, ఊళ్లో ఇళ్లు కట్టే పెద్ద, గాసి, విని నవ్వాడు.

"లెక్క నేకపోడమేటి బాబూ. సుక్రు ఇల్లు సుక్రు కొలత. బుధు ఇల్లు బుధు కొలత. ఒకడి కొలతతో ఇంకోడికి ఇల్లు కడతారేటి?"

అప్పుడు తెలిసింది. ఇంటి మనిషిని చాప మీద పడుకోబెట్టి, చెయ్యి తలపైకి చాపమని, మడమ నుంచి వేలి కొస దాకా అడవిలో దొరికే అడ్డతీగతో కొలుస్తారు. ఆ తీగ పొడవే నిట్రాడు ఎత్తు. గది పొడవు ఆ మనిషి మూర ప్రకారం. అరుగు ఎత్తు ఆ మనిషి మోకాలు. ఆ తీగని పారెయ్యరు. చుట్ట చుట్టి నిట్రాడు తలకి కట్టేస్తారు. ప్రతి ఇంట్లోనూ తలెత్తి చూశాను. ప్రతి ఇంట్లోనూ ఉంది. నాకు ఒళ్లంతా పులకరించింది. ఇలాంటి సంగతి ఏ దొరా పుస్తకంలో రాసి ఉండడు. పట్టా వచ్చేసినట్టే అనుకున్నాను.

కానీ ఆ ఏడు ఊళ్లో ఎవరూ కొత్త ఇల్లు కట్టడం లేదు. జనవరి అయిపోవస్తోంది. కడుతున్న ఇల్లు చూడకపోతే మొదటి పట్టికే లేదు. నాకు నిద్ర పట్టడం మానేసింది. కూలి ఇస్తాను, ఎవరిదైనా ఒక ఇల్లు కట్టి చూపించమని గాసిని అడిగితే, ఇంటికి కూలేమిటని నాలుగు రోజులు మొహం చాటేశాడు. ఐదో రోజు సాయంత్రం తనే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వెనకాల ఊరివాళ్లు పదిమంది దాకా ఉన్నారు.

"బాబూ, అందరి ఇళ్లూ కొలుస్తన్నావు," అన్నాడు. "గడపలు కొలిసినావు, పొయ్యిలు కొలిసినావు. మావు మాటాడుకున్నాం. నీకు ఇల్లు నేదేటి?"

ఊరంతా కలిసి అలా తేల్చుకున్నారన్నమాట. సొంత ఇల్లున్నవాడు పరాయి ఇళ్ల చుట్టూ ఎందుకు తిరుగుతాడు? నాకు భీమిలిలో పెంకుటిల్లు ఉంది, మద్రాసులో హాస్టలు గది ఉంది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచిన నోట్లోంచి, "లేదు," అని వచ్చింది.

"అయ్యో," అంది సోములమ్మ. "మరైతే కట్టేద్దాం."

మర్నాడే నన్ను చాప మీద పడుకోబెట్టారు. గాసి నా మడమ దగ్గర తీగ కొస పట్టుకున్నాడు, సోములమ్మ రెండో కొస నా వేలి దాకా లాగింది. కత్తితో కోశారు. ఏడడుగుల రెండు అంగుళాలు అని నేను పడుకుని ఉండగానే పక్కనున్న పుస్తకంలో రాసుకున్నాను. ఇరవై రెండు రోజులు పట్టింది ఇల్లు. ఊరంతా వచ్చి ఎర్రమట్టి తొక్కారు. గాసి కోడలు రత్నకి మూడో నెల, వేవిళ్లు, అయినా పీట మీద కూర్చుని గోడ అరచేత్తో అలికింది. నువ్వు పుస్తకాలు పెట్టుకోవాలి కదా అని సోములమ్మ పట్టుబట్టి గోడలో గూడు పెట్టించింది. నేను గీసుకుంటూనే ఉన్నాను. నా జన్మలో అంత సంతోషంగా పనిచేసిన రోజులు లేవు.

కొప్పు కట్టే రోజు పొద్దున గాసి నిచ్చెన ఎక్కకుండా నా దగ్గరికి వచ్చాడు.

"మద్రాసు ఎల్లాలంటన్నావంట. ఎన్నాళ్లు?"

"ఎందుకు?"

"ఇంటి మనిషి నేకుండా మూడు అమావాసలు దాటితే ఆ ఇల్లు ఉండకూడదు. ఎక్కువ రోజులైతే ముందే సెప్పు. కొప్పు కట్టం. నువ్వొచ్చినాకే కడతాం."

కొప్పు లేకపోతే పటం సగంలో ఆగిపోతుంది. అంతకన్నా ఘోరం, కొప్పు లేని గోడలు మొదటి వానకే కరిగిపోతాయి. రెండో పట్టిక ఉండదు. నేను మళ్లీ వచ్చేది వానలు వెళ్లాకే, అంటే తొమ్మిది నెలలకి. నాకు ఆ సంగతి స్పష్టంగా తెలుసు.

"పది రోజులు," అన్నాను. "పది రోజుల్లో వచ్చేస్తాను."

ఒట్టు వెయ్యమనలేదు. మరో మాట అడగలేదు. నిచ్చెన ఎక్కి మధ్యాహ్నానికి కొప్పు కట్టేశాడు. మూడు అమావాసల మాట నేను నోటు పుస్తకంలో కూడా రాసుకోలేదు. అది కొలత కాదు కదా. ఆ రాత్రి ఆ ఇంట్లో పడుకుని తెల్లవారి బయల్దేరాను. వచ్చేదాకా పొయ్యిలో నిప్పు తను చూసుకుంటానంది సోములమ్మ. మద్రాసులో ఆ తొమ్మిది నెలలూ ఇంటి పటాలు రోజూ నా బల్ల మీదే ఉన్నాయి. మనుషులు గుర్తుకు రాలేదు. సిగ్గుపడాల్సిన మాటే, కానీ అది నిజం.

ఇప్పుడు ఆ తొమ్మిది రాళ్ల మధ్య నిలబడి ఉంటే ఒక్కొక్కరే పోగయ్యారు. ఎవరూ దగ్గరికి రాలేదు. ఎవరూ నా మొహం చూడలేదు. అందరూ నా పాదాలు చూస్తున్నారు. బూట్లకి పేడ అంటిందేమోనని నేనూ చూసుకున్నాను. రత్న చంకలో పసిగుడ్డు ఉన్నాడు. నేను అటు తిరగ్గానే వాడి మొహం మీద కొంగు కప్పేసి ఇళ్ల వెనక్కి పరుగెత్తినట్టే వెళ్లిపోయింది. అప్పటికి నాకు మాట వచ్చింది. మాట కాదు, కోపం వచ్చింది.

"ఇల్లేది?" అని అరిచాను. "ఎవడు పీకేశాడు నా ఇల్లు?"

గాసి కర్ర పట్టుకుని వచ్చాడు. ముందు నా పాదాలు చూశాడు. తర్వాత నా మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"సెయ్యి ఏడిగానే ఉంది," అన్నాడు.

"ఇల్లేది గాసీ?"

"తీసేసినాం."

"నన్ను అడక్కుండా ఎలా తీసేస్తారు?"

"సచ్చిపోయినోడిని ఎలగ అడుగుతాం బాబూ?"

నవ్వొచ్చింది నాకు. నిజంగానే నవ్వాను. నాతోపాటు ఒక్కరూ నవ్వలేదు. సోములమ్మ ఎక్కడ నిలబడిందో అక్కడే కూలబడి, రెండు చేతులూ నేలకి ఆనించి, నావైపు చూస్తూ ఉండిపోయింది. అప్పుడు అర్థమైంది. వీళ్లు హాస్యం ఆడటం లేదు.

"నేను చచ్చిపోయానని ఎవరు చెప్పారు?"

"ఎవులూ సెప్పనేదు. పది రోజులన్నావు. రానేదు. మూడు అమావాసలు సూసినాం. మూడుకే తీసెయ్యాల, నీ కోసరమని ఐదు సూసినాం. అయినా రానేదు. అప్పుడు నాను కొండ దిగినాను."

"నువ్వా?"

"కోట దాకా ఎల్లినాను. నాను కొండ దిగడం అదే మొదలు. కొలతల బాబుని సూసినారేటి అని ఇంటింటా అడిగినాను. నవ్వినారు. ఘాటీలో పులి తినేసిందో, జొరంతో పోనావో. ఒల్లు దొరకనేదు."

గాసికి అరవై దాటి ఉంటాయి. పొగ లాంటి మంచులో, వానల్లో, ఆ ఘాటీ దిగి శృంగవరపుకోట వీధుల్లో నా కోసం తలుపులు తట్టాడు. ఆ సమయంలో నేను మద్రాసులో ఫ్యాను కింద కూర్చుని ఇంకు గీతలు దిద్దుకుంటున్నాను.

"ఒల్లు నేకపోతే ఏటి సేత్తాం," అన్నాడు. "నిట్రాడు మీద నీ తీగ ఉంది కదా. దాన్నే పాడె మీద పెట్టినాం. మోసినాం. కాల్సినాం."

"తీగనా?"

"నలుగురం మోసినాం. తీగకి బరువేటుంటాది. అయినా నలుగురమే మోసినాం."

మడమ నుంచి వేలి కొస దాకా ఏడడుగుల రెండు అంగుళాల తీగ, దాన్ని పాడె మీద నిలువునా పరిచి, నలుగురు మనుషులు అడుగులో అడుగు వేసుకుంటూ వాగు ఒడ్డుకి మోసుకెళ్లడం నా కళ్లకి కట్టింది. నేను బతికే ఉన్నాను, ఆ రోజు ఏం చేశానో, ఏం తిన్నానో కూడా గుర్తులేదు. పొయ్యిలో నిప్పు ఐదు నెలలు ఒక్క రోజు ఆరకుండా చూసింది సోములమ్మేనట. ఆఖరి రోజు నీళ్లు పోసి ఆర్పిందీ ఆవిడేనట. పెద్దదినం చేసి, ఇంటి కలపని వాగులో వదిలేసి, నేల ఊడ్చి రాళ్లు పెట్టారు. ఆ తర్వాత రత్నకి మగపిల్లవాడు పుడితే నా పేరు పెట్టుకున్నారు. పోయినవాడు పేరు పెట్టుకున్నవాడికి ఎదురు పడకూడదట. అందుకే ఆ అమ్మాయి పరుగు.

ఇంత విన్నాక కూడా నా బుర్ర పట్టా చుట్టూనే తిరిగింది. జనవరి ఓడకి థీసిస్ వెళ్లాలి. రెండో పట్టిక లేదు.

"మళ్లీ కట్టండి," అన్నాను. "నేను బతికే ఉన్నాను కదా. మళ్లీ కొలవండి."

"కాలిపోయిన కొలత మళ్లీ తియ్యకూడదు," అన్నాడు గాసి. విసుగు లేకుండా, వాన పడితే తడుస్తాం అన్నంత మామూలుగా అన్నాడు.

అప్పుడిక ఉండబట్టలేక అడిగేశాను. "పది రోజులన్నవాడు రాలేదు. అబద్ధం చెప్పాడేమో అని మీలో ఒక్కరికీ తోచలేదా?"

గాసి నా మొహంలోకి చూశాడు. నేను వచ్చాక అతను నా మొహం చూడటం అదే మొదటిసారి. "ఊరంతా మట్టి తొక్కి ఇల్లు కట్టినాక, ఆ ఇంటోడు అబద్దం సెప్తాడేటి?" అన్నాడు. "సచ్చిపోనావనే తోసింది. ఇంకోటి తోసనేదు."

ఎవరో గుండెల మీద చెయ్యి పెట్టి తోసినట్టయింది నాకు. నన్ను చచ్చినవాడిగా అనుకోగలిగారు కానీ అబద్ధాలకోరుగా అనుకోలేకపోయారు. అంతమంది మధ్య ఆ మంచితనాన్ని మోస్తూ నిలబడటం నా వల్ల కాలేదు.

"గాసీ, నేను అబద్ధమే చెప్పాను. తొమ్మిది నెలల దాకా రానని నాకు అప్పుడే తెలుసు. కొప్పు కట్టరేమోనని అలా చెప్పాను. ఇల్లు లేదన్నది కూడా అబద్ధమే. నాకు ఇల్లుంది."

గాసి చేతికర్ర నేలలో గుచ్చి, దాని మీద రెండు చేతులూ ఆన్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"ఆ మాట అనకు బాబూ," అన్నాడు. "సచ్చిపోనావని ఏడ్సినాం. ముసల్ది తిండి మానేసి ఏడ్సింది. ఆ ఏడుపు అలగే ఉండనీ."

సోములమ్మ లేచి ఇంట్లోకి వెళ్లింది. కాసేపటికి అడ్డాకులో ఇంత అన్నం, పక్కన చోడి ముద్ద పెట్టి తెచ్చింది. నా చేతికి ఇవ్వలేదు. ఊడ్చిన నేల మీద, నిట్రాడు పాతిన చోట ఉన్న రాయి ముందు పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోయింది. పోయినవాళ్లకి అలాగే పెడతారు. మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే ఇళ్లకి వెళ్లిపోయారు. ఎవరూ తిట్టలేదు, పొమ్మనలేదు. నేను ఆ రాయి పక్కన కూర్చుని ఆ అన్నం తిన్నాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు, ఆకలేసింది. తింటూ ఏడ్చాను.

మద్రాసు వెళ్లాక రెండో పట్టిక ఉండాల్సిన చోట రెండు పేజీలు రాశాను. మొదటి పేజీలో ఆ ఊరి ఆచారం రాశాను: ఇంటి మనిషి కొలత, తీగ, అమావాసలు, చావు, ఇల్లు తీసివేత. రెండో పేజీలో యజమాని చావలేదని, పట్టా కోసం ఆ ఊరివాళ్లకి అబద్ధం చెప్పాడని, ఆ యజమాని నేనేనని రాశాను. ప్రొఫెసరు దొర ఆ పేజీ చదివి కళ్లజోడు తీసి నావైపు చూశాడు. తర్వాత దాన్ని అట్టలో పెట్టేశాడు. పట్టా పోయిందనే అనుకున్నాను. జనవరి ఓడలో థీసిస్ వెళ్లింది.

ఏప్రిల్లో జవాబు వచ్చింది. ఆచారం గురించి రాసిన భాగం చాలా విలువైనదట. రెండో పట్టిక లేని లోటుని అదే తీర్చిందట. అయితే దాని తర్వాతి పేజీ సొంత విషయం, శాస్త్రానికి పనికిరాదు. అది తీసేసి, యజమాని మరణించినందున ఇల్లు తొలగించారు అన్న ఒక్క వాక్యం ఉంచి పంపితే పట్టా ఇవ్వడానికి అభ్యంతరం లేదట.

ఆ ఉత్తరం పట్టుకుని రెండు రోజులు తిరిగాను. మూడో రోజు తీసేశాను.

పట్టా ఆగస్టులో వచ్చింది. నాన్నగారు దాన్ని అద్దం కట్టించి ముందు గదిలో వేలాడదీశారు. థీసిస్ తెలుగులో చెప్పించుకుని విన్నారు. ఆదివారం ప్రార్థన అయ్యాక ఎవరు ఇంటికొచ్చినా ఆ పట్టా చూపించి, కొండల్లో మావాడి ముందే ఒక ఇల్లు కట్టారు, తొమ్మిది నెలలు తిరక్కుండా ఆ ఇంటాయన పోయాడట పాపం, మంచి మనిషట, ఊరు ఊరంతా ఏడ్చారట అని చెబుతుంటారు. నేను పక్కన కుర్చీలో కూర్చుని వింటూ ఉంటాను.